మందుల కవరు మీద లవ్ గుర్తు

పెయింటరుకి మందులాయన మీద కడుపుమంట జుట్టు దగ్గర మొదలైంది.

ఆరోగ్య కేంద్రంలో మందులిచ్చే కిటికీ వెనక కూర్చునే ఆ మనిషిది రేపోమాపో రిటైరయ్యే వయసు. అయినా తల మాత్రం నల్లగా నిగనిగలాడుతుంది. బతుకంతా రంగుల్లో గడిపినవాడి కంటికి అది దాగుతుందా? ఒక్క కోటే వేశాడు. చెవుల పక్కన అంచులు వదిలేశాడు. మెడ మీద పడ్డ మరకైనా తుడుచుకోలేదు. "నేను బోర్డు ఇలా వేసుంటే షాపువాడు నిచ్చెన లాగేసేవాడు," అన్నాడు పెయింటరు ఇంటికొచ్చి భార్యతో.

"సారుకి బాగానే ఉంది కదండీ," అంది ఆమె.

అంతే, అక్కడ అంటుకుంది.

మనవళ్ళని ఎత్తుకోవాల్సిన వయసులో ఈ పాడుబుద్ధి ఏమిటని మీరు అడగొచ్చు. అసూయ కూడా మనతోపాటు రిటైరవుతుందని మీకెవరు చెప్పారు? పడుచుతనంలో మనిషికి వంద పనులుంటాయి, కుళ్ళుకోవడానికి తీరికుండదు. ముసలితనంలో తీరిక తప్ప ఇంకేం ఉండదు. అందులోనూ పెయింటరుకి. ఒకప్పుడు ఊళ్ళో సగం షాపుల పేర్లు ఆయన చేతి రాతే. ఫ్లెక్సీలు వచ్చాక నిచ్చెన గోడకి చేరింది, కుంచెలు రేకు డబ్బాలో పడుకున్నాయి.

ఇంత రాసినవాడి భార్యకి అక్షరం ముక్క రాదు. ఆయన నేర్పలేదు, ఆమె అడగలేదు. ఇద్దరూ కలిసి బయటికెళితే ఆమె తలెత్తి ఏదో ఒక బోర్డు చూసి "అదేంటండీ?" అనేది. ఆయన ఆగి, గొంతు సవరించుకుని, పూర్తిగా చదివేవాడు. అది చెప్పుల షాపని అద్దంలో ఉన్న చెప్పులు చూస్తే తెలియదా? తెలుసు. అయినా అడిగేది. కరెంటు బిల్లు, బస్సు నంబరు, శుభలేఖ, ఏదైనా సరే అడగడం ఆమె వంతు, చదవడం ఆయన వంతు. సరసాలంటూ ఆ ఇంట్లో ఏమన్నా జరిగాయంటే అవే.

అలాంటి ఇంట్లోకి మందులాయన బొమ్మలేసుకుంటూ దూరాడు.

వయసు పైబడినవాళ్ళకి ఆ కేంద్రంలో నెలనెలా మందులు ఊరికే ఇస్తారు. ఆమె కింది వాటాలో ఉండే ఇస్త్రీ ఆవిడతో కలిసి వెళ్ళేది. పెయింటరు ఆ గడప తొక్కేవాడు కాదు. "ఊరికే ఇచ్చేవి సున్నం బిళ్ళలు. నా బీపీ మాత్రలు నేను కొనుక్కుంటా," అనేవాడు. కొనుక్కునేవాడు కూడా, గుర్తొచ్చినప్పుడు.

ఒకసారి ఆమె కేంద్రం నుంచి వచ్చి కాగితం కవర్లు కిటికీ గట్టు మీద వరసగా పేర్చింది. చత్వారపు అద్దాలు తుడుచుకుంటూ పెయింటరు "ఇటివ్వు, ఏది ఎప్పుడో చదివి చెప్తా," అన్నాడు.

"అక్కర్లేదండీ. నాకు తెలుస్తోంది."

"ఏం తెలుస్తోంది?"

"ఇదిగో సూర్యుడు, ఇది పొద్దున. ఇక్కడ చంద్రుడు, ఇది పడుకోబోయే ముందు. ఇదేమో మోకాలు." చదువు రానివాళ్ళ కోసం మందులాయన కవర్ల మీద పెన్నుతో బొమ్మలు వేస్తాడట. "మేడంగారూ, మీకెవరూ చదివి చెప్పక్కర్లేదు అన్నాడండీ సారు."

మేడంగారూ! ఆమెని పుట్టింట్లో పిల్లా అన్నారు, అత్తింట్లో ఇదిగో అన్నారు, పెయింటరు ఒసేయ్ అన్నాడు. మేడంగారూ అన్నవాడు మాత్రం వాడొక్కడే. ఆ మాట చెబుతున్నప్పుడు ఆమె మొహం ఎలా వెలిగిందో చూసి పెయింటరు కవర్ల వైపు తిరిగాడు.

"మోకాలా ఇది? విరిగిన గొడుగులా ఉంది," అన్నాడు.

ఆ తరవాతి నెల ఇస్త్రీ ఆవిడకి జ్వరమొస్తే తోడు పెయింటరు వెళ్ళాడు. జుట్టు చూసింది అప్పుడే. ఆమె వంతు రాగానే మందులాయన కిటికీలోంచి ముందుకు వంగి, "రండి మేడంగారూ, రాత్రిపూట నిద్ర పడుతోందా?" అన్నాడు. నా పెళ్ళాం నిద్ర సంగతి వీడికెందుకు? పక్కనే స్తంభంలా నిలబడ్డ మనిషిని వాడు చూడనైనా చూడలేదు. ఆమె "పడుతోంది సారూ, మీ దయ" అంది. ఇన్నేళ్ళ కాపురంలో ఆమె నిద్రపోయిందో లేదో తను ఎప్పుడైనా అడిగాడా అని పెయింటరు ఆలోచించాడు. జవాబు నచ్చక ఆలోచించడం మానేశాడు.

ఆ రోజు నుంచి ఆయన కళ్ళకి అన్నీ కొత్తగా కనబడసాగాయి. కేంద్రానికి వెళ్ళే రోజు ఆమె కాస్త ఎక్కువసేపు తల దువ్వుకుంటోంది. ఇస్త్రీ బట్టలే కడుతోంది. ఇస్త్రీ ఆవిడ పక్కనుంటే ఇస్త్రీ బట్టలు కాక ఇంకేం కడుతుందని ఆయనకి తట్టలేదు.

అలా పళ్ళు నూరుకుంటూ ఉండగా ఒక మధ్యాహ్నం కళ్ళజోడు కనబడక పక్క దులిపాడు. ఆమె తలగడ గలీబులోంచి ఒక కవరు జారిపడింది.

మిగతా కవర్లన్నీ కిటికీ గట్టు మీద దర్జాగా కూర్చుంటే ఇదొక్కటీ తలగడలో ఎందుకు దాక్కుంది? వెనక్కి తిప్పి చూశాడు. ఎర్ర పెన్నుతో వేసిన లవ్ గుర్తు.

పొరపాటు పడడానికి లేదు. ఆ గుర్తు ఆయన చేత్తో ఎన్నిసార్లు వేశాడో! ఐస్‌క్రీము షాపుల మీద, ఫొటో స్టూడియోల మీద, ఆటోల వెనక. దానికో లెక్కుంది. రెండు బుగ్గలూ సమంగా రావాలి, కింద మొన సూటిగా దిగాలి. ఇదేమో ఎడమ బుగ్గ ఉబ్బిపోయి, మొన పక్కకి తిరిగి, పంటినొప్పి వచ్చిన మొహంలా ఉంది. అయితేనేం, లవ్ గుర్తు లవ్ గుర్తే. లోపల చిన్న తెల్ల మాత్రలు. అట్ట మీద పేరు చదివాడు. అది మనిషి పేరో ఊరి పేరో కూడా తెలియలేదు. డాక్టరు రాసినవైతే గట్టు మీద ఉండేవి కదా. ఇవి వాడు సొంతంగా, ఎక్కువగా, ప్రేమగా ఇచ్చిన బలం బిళ్ళలై ఉంటాయి.

అరికాలి మంట నెత్తికెక్కింది. కవరు తీసుకెళ్ళి కుంచెల డబ్బాలో అడుగున పెట్టి మూత బిగించాడు. నిలదీసి అడగొచ్చుగా అంటారా? అడిగితే అవునంటుందేమోనని భయం. ఆమె మనసు చేయి జారిపోయిందని తనకు తానే అనుకోవడం ఒక ఎత్తు, ఆమె నోట వినడం ఇంకో ఎత్తు.

సాయంత్రం ఆమె తలగడ తడిమింది. గలీబు విప్పింది. పక్కంతా ఎత్తి కింద చూసింది.

"ఏం వెతుకుతున్నావే?"

"ఏం లేదండీ. సూది."

సూదట! పెయింటరుకి ఒళ్ళు మండింది, కసిగా హాయిగా కూడా అనిపించింది. వెతుక్కో, బాగా వెతుక్కో అనుకున్నాడు. ఆమె మర్నాడూ వెతికింది. ఆ తరవాత వెతకడం మానేసి దిగులుగా కూర్చుంది.

చూస్తుండగానే మనిషి మారిపోయింది. భోజనం దగ్గర రెండు ముద్దలు తిని లేచేది. మెట్లెక్కుతూ మధ్యలో కూలబడేది. మాటకి ముందొక నిట్టూర్పు, వెనకొక నిట్టూర్పు. ఆ నిట్టూర్పులు పెయింటరుకి కత్తిపోట్లలా తగిలేవి. పెళ్ళయిన కొత్తలో తను పొరుగూరు బోర్డుల పనికి వెళ్ళి వారాల తరబడి రాకపోయినా ఇలా నిట్టూర్చిందా? పడుకోవడం కూడా మానేసి కిటికీకి తల ఆనించి కూర్చుని కునుకు తీసేది. ఆ కిటికీలోంచి చూస్తే కేంద్రానికి వెళ్ళే రోడ్డే కనబడుతుంది మరి.

"ఎవరి కోసమే ఆ ఎదురుచూపులు?" అన్నాడు ఉండబట్టలేక.

"గాలి కోసమండీ," అంది ఆమె.

దానికి తోడు ఇస్త్రీ ఆవిడ మెట్ల కింద నుంచి కేకేసింది. "బాబాయిగారూ! మందులాయన అడిగాడు, మేడంగారు ఎలా ఉన్నారని." పుండు మీద కారం చల్లినట్టయింది. పెయింటరు తలుపు దడాలున మూశాడు.

మర్నాడు పొద్దున్నే ఆమె గోడ పట్టుకుని నిలబడి, "ఏమండీ, నేనొకసారి కేంద్రానికి వెళ్ళొస్తాను," అంది.

"ఈ నెల మందులు తెచ్చుకున్నావుగా. నీ తేదీ ఇంకా రాలేదు."

"రాలేదు. అయినా ఒకసారి..."

"అయినా ఏంటి? చూడకుండా ఉండలేవా?" మాట జారింది. ఆమెకి అర్థం కాలేదు, లేదా వినే ఓపిక లేదు. పెయింటరు సర్దుకున్నాడు. "ఏం కావాలో చెప్పు. నేనెళ్ళి తెస్తా."

ఆమె కాసేపు ఆయన మొహంలోకి చూసింది. "ఏం వద్దులెండి. ఇచ్చినవి పోగొట్టుకున్నానంటే సారు ఏమనుకుంటాడో," అని గొణిగి కిటికీ దగ్గర కూర్చుంది.

సారు ఏమనుకుంటాడో! మొగుడు ఏమనుకున్నా ఫరవాలేదు కాబోలు. పెయింటరు గడ్డం గీసుకున్నాడు. ఉన్నవాటిలో మంచి చొక్కా తొడిగాడు. కుంచెల డబ్బా మూత తీసి, కవరు జేబులో వేసుకుని, చెప్పులు టపటపలాడిస్తూ కేంద్రానికి నడిచాడు. ఇవాళ అటో ఇటో తేలిపోవాలి.

కిటికీ ముందు ముసలివాళ్ళ వరస తలుపు దాటి వరండాలోకి వచ్చింది. పెయింటరు నేరుగా ముందుకెళ్ళబోతే ఒక బామ్మ కర్ర అడ్డం పెట్టింది. "ఏమయ్యా, మేమంతా సినిమా టిక్కెట్లకి నిల్చున్నామనుకున్నావా? వెనక్కి పో." ఎంత కోపమైనా వరసలో నిలబడాల్సి వచ్చింది. వరసలో నిలబడితే కోపం చల్లారుతుందంటారు. ఆయనది ఉడికి ఉడికి చిక్కబడింది.

చివరికి వంతు వచ్చింది. కవరు కిటికీ బల్ల మీద చరిచాడు.

"ఏంటిది?"

మందులాయన కళ్ళద్దాలు సర్దుకుని చూశాడు. "గుండె."

"ఎవరి గుండె?"

"మేడంగారిది."

వరసలో గుసగుసలు ఆగిపోయాయి. బామ్మ కర్ర మీద ముందుకు వంగింది. పెయింటరు బల్ల మీద మళ్ళీ చరిచాడు. "నా ముందే ఆ మాట అనడానికి సిగ్గులేదూ?"

"సిగ్గెందుకండీ?" అన్నాడు మందులాయన నిజంగానే అర్థంకాక. "మోకాలి మాత్రకి మోకాలు వేస్తాను. గుండె మాత్రకి గుండె వేశాను. నాకు బొమ్మలు సరిగ్గా రావు, ఏదో ఆవిడకి అర్థమైతే చాలని..." కవరు విప్పి లోపలికి చూశాడు. ఆయన మొహం మారిపోయింది. "ఇవన్నీ అలాగే ఉన్నాయేంటి? ఆవిడ మింగడం లేదా?"

పెయింటరు కవరులోకి తొంగిచూశాడు.

"ఇవి ఆపకూడదండీ. ఒక్కరోజు కూడా ఆపొద్దని డాక్టరమ్మ ఎన్నిసార్లు చెప్పిందో. ఆయాసం వస్తోందా? రెండడుగులు వేసి ఆగిపోతున్నారా?"

"మెట్ల మీద... కూర్చుంటోంది."

"వెల్లకిలా పడుకోగలుగుతున్నారా?"

"కిటికీ దగ్గర కూర్చునే..." పెయింటరు మాట మింగేశాడు. గాలి కోసమండీ అంది. నిజమే చెప్పింది. దాచకుండా, తిప్పకుండా, అడిగిన మొగుడికి నిజమే చెప్పింది. అవి నిట్టూర్పులు కావు. ఊపిరందక పడ్డ పాట్లు.

మందులాయన అప్పటికే కిటికీ వదిలి లోపలికి పరిగెత్తాడు. డాక్టరమ్మని కేకేశాడు. కేంద్రం బండి తీయించి, డ్రైవరు పక్కన పెయింటరుని కూర్చోబెట్టాడు. కిటికీ ఖాళీ అయినా వరసలో ఒక్కరూ గొణగలేదు. "పో నాయనా, తొందరగా పో," అంది బామ్మ, ఇందాక అడ్డం పెట్టిన కర్రతోనే దారి చూపిస్తూ.

బండి ఇంటికి చేరేసరికి ఆమె మెట్ల మీద ఉంది. కిందికి రావాలని బయల్దేరి సగంలో ఆగిపోయింది. పెదాలు నల్లబడ్డాయి. ఇస్త్రీ ఆవిడ విసురుతూ ఏడుస్తోంది. బండిలో ఎక్కించేటప్పుడు పెయింటరు పిడికిట్లో నలిగిన కవరు ఆమె కంటబడింది. ఎర్ర గుర్తు చూసింది, ఆయన్ని చూసింది.

"మీ దగ్గరుందా?" అంది అందీ అందని ఊపిరితో.

"ఊ," అన్నాడు.

ఆమె మొహం పక్కకి తిప్పుకుంది. దారి పొడుగునా ఆయన తేలు కుట్టిన దొంగలా కవరు మడతలు సాపు చేస్తూ కూర్చున్నాడు.

గడ్డు ఘడియ దాటింది. ముక్కుకి గాలి గొట్టం పెట్టారు, సూదులు వేశారు. సాయంత్రానికి పెదాలకి రంగొచ్చింది. డాక్టరమ్మ పెయింటరుని నడవాలోకి పిలిచి పెట్టిన చీవాట్లు ఇక్కడ రాయను. మనిషికి కాస్త మర్యాద మిగలాలి. లోపలికొచ్చి మంచం పక్క స్టూలు మీద కుక్కిన పేనులా కూర్చున్నాడు.

"ఎందుకు చెప్పలేదే నాకు?"

"చెబితే మీరు నా ఊపిరి లెక్కపెడుతూ కూర్చుంటారు. సున్నం బిళ్ళలంటారు. ఆ మందులు మాన్పించి పెద్దాసుపత్రికి లాక్కెళతారు." దుప్పటి అంచు సరిచేసుకుంది. "ఇంకోటి కూడా ఉంది. నవ్వకండి."

"నవ్వను."

"ఆ బొమ్మలు నేనే చదువుకునేదాన్ని. పుట్టి బుద్ధెరిగాక నా అంతట నేను చదివినవి అవే. అన్నీ మీరే చదివి చెప్పారు. ఇదొక్కటి నా దగ్గర ఉంచుకుందామని..."

పెయింటరుకి నవ్వు రాలేదు. ఏడుపొచ్చింది, దాని వెనకే పాత కుళ్ళూ వచ్చింది. సిగ్గులేని గుణం, అది చావదు. "నీ గుండె సంగతి నాకంటే ముందు వాడికి తెలిసింది," అన్నాడు.

"ఆయన పనే అది కదండీ."

"మరి నా పనేంటే?"

ఆమె ఆ ప్రశ్న అటూ ఇటూ తిప్పి చూసుకుంది. సారు జుట్టు గురించి ఆయన అన్న మాటలు, కిటికీ దగ్గర అడిగిన మాట, పొద్దున్న జారిన మాట ఒక్కొక్కటే గుర్తొచ్చినట్టున్నాయి. కళ్ళు పెద్దవి చేసింది. "ఏమండీ! ఈ వయసులో, నన్నా? ఆ సారుతోనా?"

పెయింటరు తల దించుకున్నాడు.

"అందుకనా నా మందు దాచారు! నేను పోయుంటే?" తలగడ మీంచి తల ఎత్తింది. "నేను పోయుంటే ఊళ్ళో బోర్డులన్నీ ఎవరికి చదివి చెప్పేవారు?"

అప్పుడు ఏడ్చాడు. గోడ వైపు తిరిగి, భుజాలు కదలకుండా ఏడవాలని చూశాడు గాని కుదరలేదు. ఆమె ఓదార్చలేదు. చాలాసేపటికి చెయ్యి మాత్రం చాపి ఆయన చొక్కా అంచు పట్టుకుంది. ఆమె మొహంలో కోపం ఉంది, బాధ ఉంది, మూలన ఇంకేదో కూడా మెరుస్తోంది. ఊళ్ళో సగం అక్షరాలు రాసినవాడు దాన్ని చదవలేకపోయాడు.

ఇంటికి పంపేముందు డాక్టరమ్మ ఆయన చేతికీ పట్టీ చుట్టి బీపీ చూసింది. చూసి ఇంకో విడత చీవాట్లు పెట్టి, కేంద్రంలోనే మందులు తీసుకోమని రాసిచ్చింది. ఇప్పుడు ఇద్దరూ కిటికీ ముందు నిలబడ్డారు. మందులాయన ఆమె కవర్ల మీద సూర్యుడు, చంద్రుడు, గుండె శ్రద్ధగా వేశాడు. ఈయన కవర్ల మీద రెండు ముక్కలు రాసి ఇచ్చేశాడు.

"బొమ్మల్లేవే?" అన్నాడు పెయింటరు.

"మీకు చదువొచ్చు కదండీ."

దానికీ కుళ్ళుకున్నాడు. ఏం చేస్తాం.

ఇంటికొచ్చిన మర్నాడు కుంచెల డబ్బా తీశాడు. ఇక ఏ కవరూ ఎక్కడా దాగకుండా, ఆమె మందులకి అరలున్న చెక్కపెట్టె ఒకటి సిద్ధం చేశాడు. ఒక్కో అర మీద ఒక్కో బొమ్మ. సూర్యుడికి పసుపు, చంద్రుడికి తెలుపు, ప్రతి కిరణానికీ నీడ. మోకాలైతే మోకాలే, చిప్పతో సహా. గుండె దగ్గర తన పనితనమంతా చూపించాడు. రెండు బుగ్గలూ సమంగా, మొన సూటిగా, ఎరుపు మీద సన్నని మెరుపు గీత. ఆరాక తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టాడు.

ఆమె ముచ్చటగా నిమిరింది. సూర్యుణ్ణి చూసి పొద్దున అంది, చంద్రుణ్ణి చూసి రాత్రి అంది. గుండె దగ్గర వేలు ఆగింది.

"ఇదేంటండీ?"

ఎన్నేళ్ళగానో విన్న మాటే. ఎప్పుడూ తెలిసి అడిగేది. ఈసారి తెలియకే అడిగింది.

"గుండె."

"కాదులెండి. ఐస్‌క్రీము షాపు మీద గుర్తు ఇది. గుండె ఇలా ఉండదు. ఈ పక్క ఉబ్బుగా ఉంటుంది, కింద వంకర పోతుంది. అది చూస్తేనే నాకు తెలుస్తుంది."

పెయింటరు పెట్టె తీసుకుని వరండాలోకి వెళ్ళాడు. కిరసనాయిలు గుడ్డతో తన గుండెని తుడిచేశాడు. మందులాయన కవరు ఎదురుగా పెట్టుకుని, పళ్ళ బిగువున, ఎడమ బుగ్గ ఎంత ఉబ్బిందో అంత ఉబ్బించి, మొన ఎటు వంగిందో అటే వంచి, ఆ పంటినొప్పి మొహాన్ని వెంట్రుకవాసి తేడా లేకుండా దించాడు. ఇన్నేళ్ళలో చేసిన ఏ పనికీ ఆ చెయ్యి ఇంత కష్టపడలేదు.

తెచ్చి చూపించాడు. ఆమె వెంటనే ఆ అర తెరిచి మాత్ర తీసుకుంది.

"అచ్చం సారు వేసినట్టే ఉందండీ!" అంది సంబరంగా.

పెయింటరుకి ఒళ్ళంతా మండిపోయింది. గ్లాసు నిండా నీళ్ళు తెచ్చి, ఆమె మాత్ర మింగేదాకా పక్కనే నిలబడ్డాడు.